గ్రామ కార్ఖానాలో రేకు వంచు హైడ్రాలిక్ యంత్రము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇనుప రేకులను మడచు ఒక యంత్రమును గ్రామములోని చిన్న కార్ఖానాలో స్వయముగా నిర్మించుకొనుట ఎట్లు, దానిని మన పనులకు తగినట్లు అమర్చుకొనుట ఎట్లు అను విషయమును గూర్చి నేడు మేము మీతో ముచ్చటింప దలచితిమి. మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు, పన్నుల వసూలు మొదలగు వానితో తలమునకలై యున్న మీకు రేకుల మడతతో పనియేమి అని ఎవరైన అడుగవచ్చును. పని యున్నది.

1992లో చేయబడి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందులో చిన్న పరిశ్రమలు గలవు, గ్రామ కుటీర పరిశ్రమలు గలవు, సాంకేతిక శిక్షణ గలదు. అంతకంటె దగ్గరి కారణము మరియొకటి. మీ యూరి కమ్మరియో, వెల్డింగు పనివాడో తన యింటి పెరటిలో ఇట్టి యంత్రమును నిలిపినచో అది మొదట తెలియునది మీకే. ఒకరిద్దరు పనిచేయు ఇంటి కార్ఖానా ఫ్యాక్టరీల చట్టముల లెక్కలోనికి రాదు. అక్కడి మనిషి క్షేమమును కన్నులార చూడగలిగిన ప్రజాసంస్థ గ్రామ పంచాయతీ యొక్కటే.

చేతి మడత, యంత్రపు మడత

నేడు గ్రామములో వాడు వస్తువులలో రేకుతో చేసినవి ఎన్నియో గలవు. ధాన్యపు గాదె, పశువుల దాణా తొట్టి, విత్తన గొర్రు పెట్టె, ట్రాక్టరు ట్రాలీ ప్రక్క పలకలు, వాన నీటి తూము, తలుపు చట్రము, పంచాయతీ చెత్త డబ్బా, అన్నియు రేకును కత్తిరించి మడచిన వస్తువులే. రేకును రెండు యాంగిల్ కమ్ములనడుమ బిగించి సుత్తితో కొట్టి మడచుట మన పనివారికి తెలిసిన పద్ధతి. పలుచని రేకునకు ఇది చాలును. రేకు మందము 2 మిల్లీమీటర్లకు వచ్చుసరికి సుత్తి దెబ్బలు గుంటలు పడును, అంచు అలలు తిరుగును, జింకు పూత చిట్లి అక్కడ తుప్పు మొదలగును. రోజంతయు సుత్తి పట్టిన భుజము సాయంకాలమునకు పనికిరాదు. అందుచేత పనివారు మడత పనిని పట్టణమునకు పంపుదురు. కూలి, రవాణా, నిరీక్షణ అన్నియు రైతు మీదనే పడును.

రేకును క్రింది అచ్చు నోటిపై నుంచి పై అచ్చుతో ఒత్తి, ఒక్క ఒత్తుడులో తిన్నని మడత వేయు యంత్రమును ప్రెస్ బ్రేక్ అందురు. పై అచ్చును పంచ్ అనియు, క్రింది అచ్చును డై అనియు కార్ఖానాలలో పిలుతురు. కొత్తగా కొన్నచో పెద్ద యంత్రము గ్రామ పనివాని శక్తికి మించినది. కాని 600 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న యంత్రమును 20 టన్నుల లారీ జాకీతో, ఛానల్ కమ్ములతో, నేర్పుగల వెల్డరు స్వయముగా కట్టుకొనగలడు. నాలుగడుగుల రేకులో సగము వెడల్పు అది. పైన చెప్పిన వస్తువులలో చాల భాగమునకు అది సరిపోవును.

ద్రవపు బలము

మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమముగా ప్రాకునని 17వ శతాబ్దములో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రముతో పనిచేయు హైడ్రాలిక్ ప్రెస్సునకు ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందెను. లారీ క్రింద పెట్టు జాకీ దాని చిన్న రూపమే.

ఒక ఉదాహరణము తీసికొందము. జాకీలోని చిన్న ముషలకము వ్యాసము 10 మి.మీ., పెద్ద ముషలకము వ్యాసము 60 మి.మీ. అనుకొందము. వ్యాసము 6 రెట్లు గనుక వైశాల్యము 36 రెట్లు. చేతి కమ్మి 14 రెట్ల లాభ మిచ్చునట్లున్నచో, 40 కిలోల బలముతో కమ్మిని నొక్కినపుడు చిన్న ముషలకముపై 560 కిలోలు, పెద్ద ముషలకముపై రాపిడి నష్టము తీసివేయక 20,000 కిలోలకు పైగా బలము పుట్టును. లోపలి నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 700 కిలోలు దాటును. ఈ సంఖ్యను గుర్తుంచుకొనుడు, మరల దాని పని పడును.

ప్రకృతి ఏదియు ఉచితముగా నీయదు. చిన్న ముషలకము 20 మి.మీ. కదలినపుడు పెద్దది అర మిల్లీమీటరు మాత్రమే కదలును. చేతి జాకీ నిదానము. ఆ నిదానమే కొత్త పనివానికి రక్ష కూడ.

ఎన్ని టన్నులు కావలెను?

ఇక్కడనే చాలమంది పొరబడుదురు. జాకీ ఎంత పెద్దదైన అంత మేలనుకొందురు. కావలసిన బలమును ముందుగా లెక్కకట్టి, ఆ లెక్కకు తగిన చట్రమును కట్టవలెను. ఈ బలము నాలుగింటిపై ఆధారపడును: రేకు గట్టితనము, మడత పొడవు, రేకు మందము, డై నోటి వెడల్పు. పొడవు రెండింతలైన బలము రెండింతలు కావలెను. మందము రెండింతలై, డై నోరు మారనిచో బలము నాలుగింతలు కావలెను. డై నోరు రెండింతలు వెడల్పైన బలము సగము చాలును.

డై నోరు రేకు మందమునకు 8 రెట్లుండుట వాడుక. ఆ ప్రకారము మామూలు మెత్తని ఇనుప రేకును 600 మి.మీ. పొడవున మడచుటకు సుమారుగా ఈ బలములు కావలెను:

1 మి.మీ. రేకు, 8 మి.మీ. నోరు: 5 టన్నులు.
2 మి.మీ. రేకు (14 గేజి), 16 మి.మీ. నోరు: 10 టన్నులు.
3 మి.మీ. రేకు, 24 మి.మీ. నోరు: 15 టన్నులు.
4 మి.మీ. రేకు, 32 మి.మీ. నోరు: 20 టన్నులు.

దీనిని బట్టి 20 టన్నుల యంత్రముపై పూర్తి వెడల్పున 3 మి.మీ. రేకు వరకే మడచుట వివేకము. నాలుగు మిల్లీమీటర్లకు మిగులు బలము ఏమియు నుండదు. నోరు మార్చుటకు బద్ధకించి 16 మి.మీ. నోటిలోనే 3 మి.మీ. రేకును పెట్టినచో 15 టన్నుల పని 22 టన్నుల పని యగును. స్టెయిన్‌లెస్ స్టీలు మెత్తని ఇనుముకంటె సుమారు ఒకటిన్నర రెట్లు బలము కోరును. లెక్క తెలియనివాడు జాకీ కమ్మికి గొట్టము తొడిగి ఇంకను గట్టిగా నొక్కును. అప్పుడు తెగునది రేకు కాదు, చట్రపు అతుకు.

చట్రము

రెండు నిలువు కంబములు, పైన ఒక దూలము, అడుగున ఒక దూలము, నడుమ పైకి క్రిందికి జారు మరియొక దూలము. చట్రమంతయు ఇంతే. జాకీ జారు దూలముపై నిలువుగా కూర్చుండి తలతో పై దూలమును నెట్టును. పై దూలము కదలదు గనుక జారు దూలము క్రిందికి దిగి, దాని అడుగున బిగించిన పంచ్ రేకును ఒత్తును. జాకీని తలక్రిందులుగా బిగింపరాదు. సాధారణపు జాకీ అట్లు తిరుగవేసినచో పంపులోనికి గాలి చేరి పని చేయదు. జారు దూలమును తిరిగి పైకి లాగుటకు రెండు వైపుల గట్టి స్ప్రింగులుండవలెను.

కంబముల నడుమ 750 మి.మీ. ఎడమున్నదనుకొందము. మధ్యలో 20 టన్నుల బలము పడు పై దూలమునకు 150 మి.మీ. ఛానళ్ళు రెండు వేసినచో అవి మామూలుగా అనుమతించు పరిమితిని దాటి శ్రమపడును. అదే 200 మి.మీ. ఛానళ్ళు రెండు వేసినచో శ్రమ పరిమితికి బాగుగ లోబడియుండును. మీటరునకు బరువు 16 కిలోల చిల్లర నుండి 22 కిలోల చిల్లరకు మాత్రమే పెరిగినను, వంగకుండ నిలుచు బిగువు రెండింతలు దాటును. ఎత్తు పెంచిన దూలమునకు గల మహిమ అది. మన యింటి దూలమును అడ్డముగా గాక నిలువుగా నిలుపు వడ్రంగికి ఈ సంగతి అనాదిగా తెలియును. జాకీ తల తగులుచోట 20 మి.మీ. మందపు పలకను వేసి, ఛానళ్ళ లోపల అడ్డు పలకలు అతికింపవలెను. లేనిచో ఛానలు గోడ ముడుచుకొనిపోవును. ప్రతి కంబముపై 10 టన్నుల లాగుడుండును. అందుచే కంబములను దూలములను అతుకులతోనే విడువక, బోల్టులతో గూడ బిగించుట మేలు.

ఈ కొలతలు మార్గదర్శకములు మాత్రమే. కట్టుటకు ముందు గీసిన పటమును దగ్గరి పాలిటెక్నిక్కు అధ్యాపకునకో, ఇంజనీరునకో చూపి లెక్క సరిచూపించుకొనవలెను. ఒక పూట ప్రయాణము, ఒక కాగితము. దాని ఖర్చు వెల్డింగు చువ్వల ఖర్చుకంటె ఎక్కువ గాదు.

మన పనికి తగిన మార్పులు

కొన్న యంత్రమునకు లేని సౌకర్యము కట్టుకొన్న యంత్రమునకు గలదు. మన పనికి తగినట్లు దానిని మలచుకొనవచ్చును.

మొదటిది డై. యాంగిల్ కమ్మిని నోరు పైకి ఉండునట్లు పెట్టి డైగా వాడుట సులువైన పద్ధతి. కాని దాని కోణము సరిగా 90 డిగ్రీలు. ఇనుపరేకు ఒత్తుడు తీయగానే ఒకటి రెండు డిగ్రీలు వెనుకకు విచ్చుకొనును. అందుచేత ఆ డైలో మడచిన మూల 91, 92 డిగ్రీలుగా మిగులును. దీనికి చక్కని ఉపాయము గలదు. రెండు నలుచదరపు ఉక్కు కమ్ములను ప్రక్క ప్రక్కన పరచి, నడుమ కావలసిన ఎడమునకు తగిన బిళ్ళలు వేసి బిగింపవలెను. బిళ్ళ మార్చిన నోరు 8, 16, 24 మి.మీ.గా మారును. అడుగు ఖాళీగా నుండుటచే రేకును 90 డిగ్రీలు దాటి కొంచెము ఎక్కువ మడచి, విచ్చుకొన్న పిమ్మట సరియైన కోణమునకు తేవచ్చును. పంచ్ కోణము 85 డిగ్రీలకు సానబట్టి యుంచవలెను.

రెండవది ముక్కల పంచ్. పెట్టె చేయునపుడు రెండు ప్రక్కలు మడచిన పిమ్మట మూడవ ప్రక్క మడచుటకు పొడుగు పంచ్ అడ్డు వచ్చును. పంచ్‌ను 25, 50, 75, 100, 150, 200 మి.మీ. ముక్కలుగా చేసినచో మొత్తము 600 అగును. ఈ ఆరు ముక్కలను కలిపి 25 మి.మీ. మెట్టుతో ఎంత వెడల్పునకైనను అమర్చుకొనవచ్చును. విత్తన పెట్టె, దాణా తొట్టి చేయువానికి ఇది లేక పని సాగదు.

మూడవది లోతు ఆపు మర. పదహారు మి.మీ. నోటిలో పంచ్ 0.1 మి.మీ. లోతు ఎక్కువ దిగిన కోణము సుమారు 0.7 డిగ్రీ మారును. కన్నుతో ఇది పట్టుబడదు. జారు దూలము దిగు దారిలో రెండు వైపుల సన్న మరల బోల్టులను ఆపులుగా పెట్టినచో నూరు ముక్కలు చేసినను నూరును ఒకే కోణమున వచ్చును. రేకు వెనుక భాగమున కొలత పట్టీయును ఆపు కమ్మియు అమర్చినచో ప్రతిసారి గీత గీయు పని తప్పును. మడత మధ్యలో ఒక కోణము, అంచులలో ఒక కోణము వచ్చుచున్నచో అడుగు దూలము వంగుచున్నదని గ్రహించి, డై క్రింద తగుచోట పలుచని రేకు పట్టీలు వేసి సరిచేయవలెను.

నాలుగవది ఒత్తిడి చూపు గడియారము. ఇందాక గుర్తుంచుకొమ్మన్న సంఖ్య ఇక్కడ పనికివచ్చును. 60 మి.మీ. ముషలకము గల జాకీలో 350 కిలోల ఒత్తిడి 10 టన్నులకును, 700 కిలోల ఒత్తిడి సుమారు 20 టన్నులకును గుర్తు. గడియారముపై 700 దగ్గర ఎఱ్ఱగీత గీయవలెను. వేరు జాకీకి వేరు లెక్క.

పని పెరిగిన పిమ్మట విద్యుత్ పంపు పెట్టుకొనవచ్చును. ఇరువది టన్నుల బలముతో సెకనునకు 5 మి.మీ. వేగమునకు నష్టములతో కలిపి 2 గుఱ్ఱపు శక్తుల మోటారు చాలును. అప్పుడు ఒత్తిడి హద్దు మీరినపుడు నూనెను వెనుకకు విడుచు వాల్వు తప్పక యుండవలెను.

రేకు కత్తిరించు కొలత

మడత వద్ద రేకు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము నలుగును. అందుచేత వెలుపలి కొలతలను ఊరక కలిపి రేకు కత్తిరించినచో వస్తువు పెద్దదగును. 2 మి.మీ. రేకును 16 మి.మీ. నోటిలో 90 డిగ్రీలు మడచినపుడు ఒక్కొక్క మడతకు సుమారు 4 మి.మీ. తగ్గించి కత్తిరింపవలెను. వెలుపల 50, 50 మి.మీ. రావలెనన్న 96 మి.మీ. ముక్క చాలును. ప్రతి యంత్రమునకు, ప్రతి రేకునకు ఇది కొంచెము మారును. కావున 100 మి.మీ. ముక్కను మడచి, రెండు వైపులు కొలిచి, ఎంత పెరిగినదో గోడపై వ్రాసియుంచుకొనవలెను. నాలుగు మడతలు గల తొట్టిలో ఈ తేడా సెంటీమీటరున్నర దాటును. పది తొట్లలో వృథా యగు రేకు పనివాని లాభమును తినివేయును.

చేతి విలువ

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. రేకును మడచు బలమునకు వ్రేలు ఒక లెక్క కాదు. సుత్తి తగిలిన గోరు నల్లబడును, పంచ్ క్రింద పడిన వ్రేలు తిరిగి రాదు. కమ్మరి చేయి అతని పొలము, అతని బ్యాంకు, అతని పిల్లల చదువు. కనుక ఈ నియమములు యంత్రమునకు అలంకారములు గావు, అందలి భాగములే.

పంచ్‌కును రేకునకును నడుమ ఎడము వ్రేలు దూరనంత తక్కువగా నుంచి పని ప్రారంభింపవలెను. ముందు భాగమున చేతులు చొరకుండ కమ్మీల అడ్డు పెట్టవలెను. విద్యుత్ పంపు ఉన్నచో రెండు చేతులతో రెండు మీటలు నొక్కినపుడు మాత్రమే దిగి, విడువగానే ఆగునట్లు అమర్పవలెను. ఒకరు రేకు పట్టుకొనగా మరియొకరు పంపు కొట్టు పద్ధతి ప్రమాదకరము. మడత పడుచుండగా రేకు కొన వేగముగా పైకి లేచును. ముఖమును దానికి దూరముగా నుంచవలెను. అచ్చులు మార్చునపుడు జారు దూలము క్రింద గట్టి దిమ్మె పెట్టవలెను, స్ప్రింగులను నమ్మరాదు.

నూనె గొట్టము కారుచున్నదా అని చేతితో తడిమి చూడరాదు. ఆ ఒత్తిడిలో సన్నని నూనెధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూది గ్రుచ్చినట్లే కనిపించును, లోపల కండ కుళ్ళును. అట్టి గాయము తగిలినచో నొప్పి లేకున్నను వెంటనే పెద్ద ఆసుపత్రికి పోయి శస్త్రవైద్యునకు చూపవలెను.

కట్టిన యంత్రమును మొదటిసారి పరీక్షించునపుడు ఎదురుగా గాక ప్రక్కకు నిలిచి, 5, 10, 15 టన్నుల చొప్పున పెంచుచు ప్రతి మెట్టువద్ద చట్రమును చూడవలెను. అతుకుపై ఒకవైపు సున్నపు పూత పూసి, రెండవవైపు కిరసనాయిలు రాచినచో ఆరుపార చిట్లిన చోట పూత తడిసి బయటపెట్టును. పరీక్ష ముగిసిన పిమ్మట యంత్రముపై దాని హద్దును పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాయవలెను. ఆ తరువాత 30 టన్నుల జాకీ చవుకగా దొరకినదని దానిని తెచ్చి ఈ చట్రములో పెట్టరాదు. యంత్రపు బలము జాకీ బలము గాదు. అన్నిటికంటె బలహీనమైన అతుకు బలమే దాని బలము.

పంచాయతీ చేయదగినది

సభ్యులారా, యంత్రమును నిలుపుటకు అనుమతి కోరి పనివాడు మీ కార్యాలయమునకు వచ్చినపుడు రుసుము, రసీదులతో ఆ వ్యవహారమును ముగింపకుడు. ఐదు ప్రశ్నలడుగుడు. పటమును తెలిసినవారు సరిచూచిరా? యంత్రముపై టన్నుల హద్దు వ్రాసియున్నదా? ముందు అడ్డు గలదా? ఒత్తిడి చూపు గడియారము గలదా? పిల్లలు తిరుగు త్రోవకు యంత్రము దూరముగా నున్నదా? ఈ ప్రశ్నలు అతనిని ఆపుటకు గాదు, నిలుపుటకు. ఐదింటికిని అవునన్న సమాధానము వచ్చువరకు ఒకటి రెండు వారములు ఆగుమని చెప్పు ధైర్యము మీకుండవలెను.

సాయము చేయు మార్గములును గలవు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో 18 చేతివృత్తులను చేర్చిరి. వానిలో కమ్మరము ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండ 5 శాతము వడ్డీపై మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు రుణము అందులో ఏర్పరచిరి. దరఖాస్తు పరిశీలనలో మొదటి మెట్టు గ్రామ పంచాయతీయే. అర్హుడైన పనివాని కాగితము మీ బల్లపై నెలల తరబడి నిలువరాదు. అనర్హుని కాగితము ముందుకు పోరాదు.

రుణముకంటె పనివానికి కావలసినది పని. చెత్త డబ్బాలు, నీటి తూములు, సూచిక పలకలు, పాఠశాల అలమరలు కొనునపుడు కొనుగోలు నియమములకు లోబడి మీ మండలములోని పనివారి ధరలను కూడ అడుగుడు. పది డబ్బాల మొదటి పని దొరకిన యంత్రము అప్పు తీర్చుటకు మొదలిడును. పని దొరకని యంత్రము తుప్పు పట్టును. దానిపై అప్పు మాత్రము తుప్పు పట్టదు.

ఇంకొక మాట. ఈ యంత్రము వచ్చిన యూరిలో పదవ తరగతి చదివి ఊరక తిరుగు పిల్లలుందురు. పదునెనిమిది నిండినవారిని ఇద్దరిని అక్కడ పని నేర్చుకొన పంపుడు. కోణము కొలుచుట, బలము లెక్కకట్టుట, పటము చదువుట అక్కడ చేతితో నేర్తురు. ఐ.టి.ఐ.లో చేరదలచినవానికి అది మంచి పునాది.

మన పెద్దలు నాగలి కఱ్ఱును కాల్చి సాగగొట్టిన కొలిమి ఊరి నడుమ నుండెడిది. ఊరంతయు అక్కడకు పోయెడిది. కొలిమి పోయినను పని పోలేదు, రూపు మార్చుకొన్నది. ఆ పని మరల మన యూరిలో నిలుచునా, పట్టణమునకు తరలునా అనునది కొంతవరకు మీ చేతులలో నున్నది. పనివాని పది వ్రేళ్ళు క్షేమముగా నుండుట కూడ కొంతవరకు మీ చేతులలోనే యున్నది. ఈ రెండును ఒకటిగా చూడవలెనని మిమ్ము కోరుచు మా ప్రసంగమును ముగించుచున్నాము.